తాడు వరసలో ఊద

ఊద కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పొన్నూరు వైపు కాలవ గట్టు మీద బండి మీద పోతుంటే, వరి చేల పైన ఆ ఊదారంగు వెన్నులు తలెత్తి ఊగుతూ కనబడతాయి. ముఖం పక్కకి తిప్పుకుంటాను. నిజానికి అది ఒట్టి గడ్డి. వరితో పాటు మొలుస్తుంది, వరిలాగే ఎదుగుతుంది, వరికి వేసిన ఎరువు వరికన్నా ముందు తినేస్తుంది. వరికన్నా ముందే వెన్ను వేసి, కోత లోపలే గింజ రాల్చి చచ్చిపోతుంది. రాలిన గింజ మళ్ళీ ఏడాది లేస్తుంది. దాని బతుకు దానిది. నా రోతకి కారణం వేరే ఉంది.

నేను మెట్టవాణ్ణి. మా ఊరు నల్లపాడు దాటాక వస్తుంది. పత్తి, మిరప తప్ప మరోటి ఎరగని నల్లరేగడి. నీళ్ళు కట్టిన మడిలో దిగి చేసే సేద్యం మా ఇంటా వంటా లేదు. గుంటూరులో ఆఫీసు ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో మా మిరప తోట చూసుకునేవాణ్ణి కనక, రైతునని నాకు గట్టి నమ్మకం. రిటైరైన ఏడాదే మా బావమరిదికి నడుం ఆపరేషన్ అయింది. పొన్నూరు దగ్గర అత్తగారి ఊళ్ళో మా ఆవిడ వాటాకి వచ్చిన ఎకరం మాగాణిని అన్నాళ్ళూ అతనే చూసేవాడు. ఎవరికన్నా కౌలుకి ఇచ్చేద్దాం బావగారూ అన్నాడు. నాకు రోషం వచ్చింది. మిరప పండించినవాడికి వరి ఒక లెక్కా అన్నాను. మా ఆవిడ నా వంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మకాం అత్తగారి ఊరికి మార్చాక, నాట్ల కోసం దమ్ము చేసిన బురద మడిలో మొదటిసారి కాలు పెట్టిన రోజే నాకు డోకొచ్చింది. కుళ్ళిన గడ్డి, పేడ, ఎండకి కాగిన నీళ్ళు, అన్నీ కలిసిన వాసన. వేళ్ళ సందుల్లోంచి బురద పైకి జారుతుంటే బతికున్నదేదో పాకుతున్నట్టు ఉండేది. గట్టెక్కి చూసుకుంటే పిక్కకి జలగ. ఉప్పు తెమ్మని కేకలు పెట్టాను. పక్కన నారుమడిలో పని చేస్తున్న ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు.

ఆ ఊళ్ళో ఎవరూ నా ఎదురుగా నవ్వరు. ఒక ఇంటి అల్లుడు అక్కడ ఊరందరికీ అల్లుడే. నేను వస్తుంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేస్తారు, టీ కొట్లో బల్ల ఖాళీ చేస్తారు, వరి గురించి నేనేం వాగినా తలాడిస్తారు. ముప్పై ఏళ్ళు అదంతా నా గొప్పే అనుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే వెగటు.

నారు పీకి నాట్లు వేసే ముఠాకి అరవై దాటిన ఒక ఆవిడ పెద్ద. పదిహేనుమంది ఆడవాళ్ళు ఆవిడ చెప్పిన చేలో దిగుతారు, చెప్పిన వేళకి గట్టెక్కుతారు. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ పని చేస్తుంటే చూడాలి. నారు వంక చూడదు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్ళు మాత్రం మొక్కల మొదళ్ళలో తిరుగుతుంటాయి. కొన్నిటిని పీకుతాయి, కొన్నిటిని ముట్టుకుని వదిలేస్తాయి.

మా నాట్ల రోజు పొద్దున గట్టు మీద కూర్చుని ఊరికే మాట కలిపాను. మాఘంలో మా వైపు మిరపకాయ కోతలకి రండి, మీలాంటి ముఠా దొరికితే వారంలో తోటంతా అయిపోతుంది అన్నాను.

"మిరపకాయలకి నేను పోనండీ అల్లుడుగారూ," అంది. "ఒక్క ఏడు పోయా. వేళ్ళు మండిపోయి తోలు లేచిపోయింది. తర్వాత ఎన్నాళ్ళో మొద్దుబారినయ్యి. నారు పట్టుకుంటే ఏది ఏందో తెలవలా. నాకున్నయ్యే ఈ వేళ్ళు గదండీ."

నాకు ఆ మాట కొంచెం అతిగా తోచింది. ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసినా మా అమ్మ వేళ్ళకి ఏమైందని మనసులో అనుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి నారంతా కట్టలు కట్టి మడిలోకి మోసేశారు. సాయంత్రానికి నాట్లు పూర్తయ్యాయి. వాళ్ళు వెళ్ళాక నారుమడి వైపు వెళ్ళి చూస్తే అక్కడక్కడ గుప్పెడు గుప్పెడు మొక్కలు నిలబడి ఉన్నాయి. ముదురాకుపచ్చగా, మిగతా నారుకన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా, మొదలు లావుగా, ఎరుపు తిరిగి. అంత మంచి నారు వదిలేసి పోయారేమిటని మొదట కోపం వచ్చింది. తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా మిరప నారుమడిలోనూ చివర్న కొన్ని మొక్కలు వదులుతాం. తోటలో చచ్చిపోయిన మొక్కల చోట్ల తర్వాత పెట్టడానికి. వెనక నాటినవి తోటివాటిని అందుకోవాలి కనక బలమైనవే చూసి ఉంచుతాం. ఇక్కడా అందుకే ఉంచారనుకున్నాను. ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అల్లుడు అడగడమేమిటి?

పది రోజులకి కాలవ వైపు మూలంతా ఖాళీలు పడ్డాయి. పీతలు మొక్కల్ని మొదలంటా కొరికేశాయి. ఆ పీతల్ని చూసినా నాకు రోతే. బొరియలోంచి సగం బయటికొచ్చి, తెగిన మొక్కని డెక్కలతో పట్టుకుని, నావైపు కళ్ళు నిక్కించి చూసేవి. ఆ ఖాళీలనే పోగుంటలంటారు. ముఠాని పిలిచి నింపిద్దాం అంది మా ఆవిడ. ఆ మాత్రం పనికి ముఠా ఎందుకు అన్నాను.

మరునాడు పొద్దున్నే మా ఊరి నుంచి తెచ్చిన తాడు తీశాను. మిరప మొక్క పెట్టేటప్పుడు పొలానికి అడ్డంగా లాగి కట్టే తాడు. జానెడుకో ముడి ఉండేలా కొత్తగా ముడులు వేశాను. నారుమడిలో మిగిలినవాటిలో కండ పట్టిన మొక్కలే ఏరి పీకాను. మొదలు ఎంత ఎర్రగా ఉంటే అంత బలమని నా లెక్క. తాడు లాగి కట్టి, ముడి ముడికీ ఒక మొక్క గుచ్చుకుంటూ పోయాను. బురద వాసన, జలగలు, నడుం నొప్పి, అన్నీ ఓర్చుకున్నాను. వరి నాటే ఆడవాళ్ళకి తాడు ఉండదు. కంటి కొలతతో వెనక్కి నడుస్తూ నాటేస్తారు. వాళ్ళ నాట్లు కాస్త అటూ ఇటూ పోతాయి. నా వరసలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. గట్టెక్కి చూసుకుని మురిసిపోయాను. ఫోటో తీసి మా రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి.

నా మొక్కలు తొందరగా దుబ్బు కట్టాయి. నెల తిరిగేసరికి ఆ మూల చేను మిగతా చేనుకన్నా ఎత్తుగా నిలబడింది. గుంటూరు నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళందరినీ అక్కడికి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. మా బావమరిది నడుముకి బెల్టు పెట్టుకుని మెల్లగా నడుచుకుంటూ ఒకరోజు వచ్చాడు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. "బాగుంది బావగారూ. మీ చేతి చలవ," అన్నాడు. అంతకన్నా ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

ఆ తర్వాత వెన్నులు వచ్చాయి. వరి ఇంకా పొట్ట మీద ఉండగానే నా మూల ఊదారంగు తిరిగింది. నూగు నూగుగా, ముళ్ళు ముళ్ళుగా, గొంగళిపురుగులు గుంపుగా వేలాడినట్టు ఉన్న ఆ వెన్నుల్ని చూసి నాకు ముందు అర్థం కాలేదు. అదే రోజు పంట నమోదుకి వ్యవసాయ సహాయకురాలు ఫోన్ పట్టుకుని వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. వెనకే పక్క చేల రైతులు నలుగురు వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

ఆ అమ్మాయి ఒక వరి మొక్కని, నా మూలలోంచి ఒక మొక్కని పీకి రెండూ నా చేతిలో పెట్టింది. "ఆకుని కాండం నుంచి కొంచెం వెనక్కి లాగండి సార్. ఆ రెండూ కలిసే చోట చూడండి. వరికైతే తెల్లగా పలచటి పొర, చిన్న నాలికలాగా ఉంటది. పక్కన నూగు ఉంటది. దీనికి చూడండి, ఏమీ లేదు. నున్నగా ఉంది. ఇది ఊద సార్. నారప్పుడే తెలుసుద్ది. మొదలు ఎర్రగా, నొక్కినట్టు చదునుగా ఉంటది. ఆకు మీద వేలు పెడితే వరి గరుకు, ఇది జారుద్ది."

ఆకు వెనక్కి లాగి చూశాను. బోడిగా, ఏమీ లేకుండా ఉంది. ఆ ఎర్రటి మొదలు చూసే కదా నేను మురిసిపోయి ఏరుకొచ్చింది. పెద్దమ్మ వేళ్ళు ముట్టుకుని వదిలేసిన మొక్కలేమిటో నాకు అప్పుడు తెలిసింది. పదిహేనుమంది ఆడవాళ్ళు ఒంగి ఒంగి, ఏరి ఏరి వదిలేసిన చెత్తని నేను తాడు కట్టి మరీ తెచ్చి చేలో పెట్టాను.

"ఇంత ఊద ఎట్టా వచ్చిందండీ?" అన్నాడు పక్క చేను ఆయన. "నారులోనే వచ్చినట్టుంది. నాట్లేసింది ఎవరు?"

"పెద్దమ్మ ముఠా," అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం కూడా కాదు. ఎకరంలో నూటికి తొంభై పాళ్ళు నాటింది వాళ్ళే. పోగుంటలు నింపింది నేనని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన, "ముసల్దయిపోయింది, కళ్ళు కనపడటం లేదనుకుంటా," అన్నాడు. మిగతా ముగ్గురూ తలాడించారు. నాకూ తల ఆడింది. ఆ తల ఆడించడం తలుచుకున్నప్పుడల్లా నా మెడ నేనే విరుచుకోవాలనిపిస్తుంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి జరిగింది చెప్పాను. "మీరు నాటినవేగా అవి?" అంది. ఔనన్నాను. "మరి అక్కడెందుకు చెప్పలేదు?" అంది. సమయం కుదరలేదన్నాను. ఆ పూట నాకు అన్నం పెట్టి, తను పళ్ళెం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి తింది.

వారం లోపల ఊళ్ళో మాట పాకిపోయింది. ఊద గింజ ఒకసారి రాలితే ఏళ్ళ తరబడి వదలదని అందరికీ భయం. వరి కోత ఎలాగూ మిషన్‌ది. ఆడవాళ్ళకి మిగిలేది నాట్లు, కలుపు, ఆ తర్వాత రెండో పంట పనులు. ఆ రెండో పంటకి పెద్దమ్మ ముఠాని ముందుగా చెప్పుకున్న రైతులు ఒక్కొక్కరే వద్దన్నారు. పక్క ఊరి నుంచి వేరే ముఠాని మాట్లాడుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆవిడ వేళ్ళ మీద నమ్మకంతో నారుమడులు అప్పగించినవాళ్ళే. పెద్దమ్మ వరి నాట్లకి పనికిరాదనే మాట నేను టీ కొట్లో కూర్చుని నా చెవులతో విన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ ఆరుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మా చేనికి వచ్చింది.

"మా చేత్తో వచ్చిందంటున్నారంటగా అల్లుడుగారూ," అంది. "గింజ రాలకముందే మా చేత్తోనే తీసేస్తాం. కూలేమీ వద్దు."

వద్దు పెద్దమ్మా అన్నాను. చీర చెంగు బొడ్లో దోపుకుని అప్పటికే దిగింది. మిగతా చేలో అక్కడొకటి అక్కడొకటి ఉన్న ఊద తీసుకుంటూ కాలవ వైపు మూలకి వచ్చారు. అక్కడ ఆగిపోయారు. గట్టు మీద నుంచి చూస్తే పొదలాగా కనబడే ఊద, మడిలోకి దిగి చివర నుంచి చూస్తే వరసలు వరసలుగా ఉంది. జానెడుకో దుబ్బు. ఒక్కటి పక్కకి జరగలేదు. వాళ్ళలో చిన్నమ్మాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. పెద్దమ్మ కళ్ళతోనే ఆ అమ్మాయిని ఆపింది.

తర్వాత ఒంగి మొదటి దుబ్బు పీకింది. వేళ్ళకంటిన మట్టి నీళ్ళలో జాడించింది. నా వంక చూడకుండానే అడిగింది.

"మీ వైపు మిరపమొక్క తాడేసి నాటతారంటగా అల్లుడుగారూ?"

"ఔను పెద్దమ్మా," అన్నాను.

"వరసలు బాగుంటయ్యి," అంది.

అప్పుడు చెప్పేయాలి. ఎదురు గట్టు మీద పక్క చేను ఆయన మోటారు దగ్గర ఏదో చేసుకుంటున్నాడు. ఒక్క కేక వేసి పిలిచి, ఇదిగో చూడు, ఇవి నా వరసలు అంటే సరిపోయేది. ఆవిడ నాకు ఆ అవకాశం ఇవ్వడానికే అడిగిందని తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. నేను గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. వాళ్ళు వరస తర్వాత వరస పీకి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద గుట్ట వేశారు. మధ్యాహ్నానికి ఆ మూల మళ్ళీ ఖాళీ అయింది. మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళారు.

కోత అయింది. ధాన్యం బస్తాలకి ఎక్కింది. నాకు మాత్రం అన్నం ముందు కూర్చుంటే ఊద వెన్నులు కళ్ళ ముందుకొచ్చేవి. ఇక భరించలేక ఒకరోజు టీ కొట్టు దగ్గర అందరూ ఉండగా చెప్పేశాను. ఆ ఊద పెద్దమ్మ ముఠా నాటింది కాదు, వాళ్ళు నారుమడిలో వదిలేసినదాన్ని నేనే తెచ్చి నాటాను అన్నాను.

పక్క చేను ఆయన చేతిలో గ్లాసు పక్కన పెట్టి, "చూశారా, పెద్దమనిషి తరహా అంటే ఇదీ," అన్నాడు. "వాళ్ళ తప్పు ఆయన నెత్తినేసుకుంటున్నాడు."

"నెత్తిన వేసుకోవడం కాదండీ. తాడు కట్టి వరసగా నేనే నాటాను."

"వరికి తాడు కట్టేవాడెవడండీ," అని నవ్వాడు. "మీరు మరీ మెత్తన. ఆడకూలీలని ఇట్టా వెనకేసుకొస్తే నెత్తికెక్కుతారు."

"మీరు వరసలు చూడలేదా?"

"ఏ వరసలండీ? కోతప్పుడు చూశాం గదా, ఆ మూల నున్నగా ఉంది."

నేను తీసిన ఫోటో చూపిద్దామన్నా లేదు, ఊదని తెలిసిన రోజే సిగ్గేసి ఫోన్లోంచీ గ్రూపులోంచీ చెరిపేశాను. మా బావమరిది వంక చూశాను. టీ చల్లార్చుకుంటున్నట్టు గ్లాసులో ఊదుతున్నాడు. దారిలో నిలదీసి అడిగాను. "నాకు మొదట్లోనే తెలుసు బావగారూ," అన్నాడు. "అల్లుడుగారికి తప్పు ఎవరు చెప్తారు? ఇప్పుడు నేను ఔనంటే, తెలిసీ ఆ ముసలామెని మాటలు అననిచ్చామని ఒప్పుకున్నట్టు అవదా?" అతని మీద కోపం తెచ్చుకునే అర్హత కూడా నాకు లేదు.

ఆ తర్వాత ఊళ్ళో నా మర్యాద ఇంకొంచెం పెరిగింది. ఎంత మంచివాడండీ అని నా గురించే నాకు వినబడేలా చెప్పుకున్నారు. టీ కొట్లో బల్ల తుడిచి మరీ కూర్చోబెట్టారు. ఆ టీ నోట్లో పోసుకుంటే జలగ పట్టిన రోజు బురద వాసన వచ్చేది.

మాఘమాసంలో ఒక పొద్దున బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, మలుపు దగ్గర ఆటో ఆగి ఉంది. ముఠా ఆడవాళ్ళు సద్ది గిన్నెలు పట్టుకుని ఎక్కుతున్నారు. చివర్న పెద్దమ్మ. దగ్గరికి వెళ్ళి, టీ కొట్లో నిజం చెప్పేశాను పెద్దమ్మా అన్నాను. నా గొంతులో మెచ్చుకోలు కోసం ఆశ ఉన్నట్టు నాకే వినబడింది.

"విన్నా," అంది. గొంతులో కోపం లేదు. "వరసలున్నప్పుడు చెప్పాల్సింది అల్లుడుగారూ. మేం పీకేశాం గదా."

ఆటో అతను హారన్ కొట్టాడు. ఎక్కడికి పెద్దమ్మా అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక.

"మీ వైపేనండీ. నల్లపాడు అవతలంట, మిరపకాయలకి," అంది.

ఎక్కడానికి ఆటో కమ్మీ పట్టుకుంది. ఆవిడ పది వేళ్ళకీ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.